పోటు కోసం బందరు కోటలో

గుడివాడ: ఊరి నడుమ దిబ్బ

మాది గుత్తి. కోట అంటే తలెత్తి చూడాలి, ఎక్కుతుంటే ఆయాసం రావాలి, పైకి చేరాక కిందున్న ఊరు అగ్గిపెట్టెల వరుసలా కనపడాలి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మా ఇంటి కిటికీలో కనిపించింది అదే కాబట్టి, కోటలన్నీ అలాగే ఉంటాయని నా నమ్మకం. ఉద్యోగ విరమణ అయ్యాక ఏడాదికొక కోట చూడాలని నియమం పెట్టుకున్నాను. ఈసారి బందరు కోట అనగానే మా వారు నవ్వారు. "అక్కడ కొండ ఏదీ? కొండ లేనిదే కోట ఏదీ?" అన్నారు. రానివాడు రాకపోతే పోయె, వెళ్లేదాన్ని దెప్పకుండా ఉండొచ్చు కదా! ఆ పంతంతోనే, ముసురు పట్టి ఉందని టీవీలో చెబుతున్నా వినకుండా, కార్తీకమాసంలో ఒంటరిగా బయల్దేరాను.

విజయవాడ నుంచి బస్సు ఉయ్యూరు దాటాక రెండు పక్కలా వరి చేలు. కోతకొచ్చిన చేలు కొన్ని అప్పటికే గాలికి నేలకు వాలిపోయి ఉన్నాయి. మా వైపు ఆకాశం మబ్బు పడితే జనం వీధిలోకి వచ్చి సంతోషంగా చూస్తారు. ఇక్కడ బస్సులో ఒక్కరూ మబ్బు వైపు ప్రేమగా చూడలేదు. పామర్రులో ఎక్కిన రైతు కిటికీలోంచి ఒకసారి చూసి, నోటికొచ్చినట్టు దాన్ని తిట్టి కూర్చున్నాడు.

ముందు గుడివాడలో దిగాను. ఊరి నడుమ పెద్ద మట్టిదిబ్బ, దాన్ని ఆనుకుని ఇళ్లు, డాబాల మీద ఆరేసిన బట్టలు. దిబ్బ కింద బౌద్ధుల కాలం నాటి కట్టడం ఉందట. పైన గడ్డి మొలిచింది, మేకలు మేస్తున్నాయి. మా గుత్తిలో చరిత్ర మన నెత్తిమీద ఉంటుంది, ఈ డెల్టాలో అరికాళ్ల కింద ఉంటుంది కాబోలు అనుకున్నాను.

దగ్గర్లోని హోటల్లో ఇడ్లీ తిన్నాను. ప్లేటు నలభై రూపాయలు. నెయ్యి కారప్పొడి అడక్కుండానే వేశారు. మా వైపు ఇడ్లీలోకి ఇంత నెయ్యి వేస్తే పెళ్లిచూపులకు వచ్చామా అని అడుగుతారు. హోటలాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని నా సంచీని చూశాడు.

"ఎక్కడికండీ ప్రయాణం?"

"బందరు. కోట చూద్దామని."

"ఇయ్యాళా?" అని ఆయన టీవీ వైపు చూపించాడు. అందులో సముద్రం మీద ఏదో ఎర్రగా తిరుగుతోంది. "వాయుగుండం అంటన్నారు గదండీ. కోటెక్కడికి పోద్దండీ, మళ్లీ వారం చూసుకోవచ్చు."

టిక్కెట్టు తీసేశానని చెప్పాను. అది అబద్ధం. వెనక్కి వెళ్లి మా వారి నవ్వు మొహం చూడటం కంటే వాయుగుండమే నయం అనిపించింది.

పెడన: రైల్లో దొరికిన తోడు

రైలు పెడనలో ఆగినప్పుడు ఒక అమ్మాయి తడిసిన చీర కొంగు పిండుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయి. వేళ్ల సందుల్లో ఎర్రరంగు మరక ఉంది. గోరింటాకా అని అడిగితే కాదంది.

"అద్దకం రంగండీ. మా నాన్నగారిది కలంకారీ పని. రెండ్రోజులు ఉందామని పుట్టింటికొచ్చి, ఊరికే కూర్చోలేక అచ్చులు కొట్టాను."

ఆమె పేరు శిరీష. పెళ్లయి నాలుగు నెలలు. భర్త రమేష్‌ది బందరు దగ్గర గిలకలదిండి, సముద్రం వేట. అద్దకం ఇంటి పిల్ల వేట ఇంటికి ఎలా వెళ్లిందని అడగబోయి ఆగాను. ఆమె బుగ్గలు చూస్తేనే తెలుస్తోంది, అది పెద్దలు కుదిర్చిన పెళ్లి కాదని.

"మూడ్రోజులైందండీ బోటు మీద వెళ్లి. ఇయ్యాళ రావాలి. టీవీలో చూసి ఉండబట్టలేక బయల్దేరా."

"ఫోన్ చేయలేకపోయావా?"

"ఒడ్డుకి దగ్గర్లోకొస్తే సిగ్నల్ ఉంటుందండి. కానీ చెయ్యొద్దంటారు మా అత్తయ్య. గాలి లేచినప్పుడు సముద్రం మీదున్న మనిషికి ఇంట్లో ఆడాళ్లు ఫోన్ చెయ్యకూడదంట."

"ఎందుకట?"

"ఎందుకో చెప్పరండి. చెయ్యకూడదంటారంతే."

నాకు ఒళ్లు మండింది. మా వైపు మనిషి పొలం నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే పదిసార్లు ఫోన్ చేస్తాం. భర్త క్షేమం కనుక్కోవడానికి శకునాలేమిటి అనుకున్నాను. పరాయి ఇంటి సంగతి కాబట్టి పైకి అనలేదు. అత్తగారు కోట దగ్గర ఉన్నారట, బోట్లు వచ్చే దారి అక్కడి మిట్ట మీద నుంచి కనపడుతుందట. నేనూ కోటకే అన్నాను. ఇద్దరం ఒకే ఆటో ఎక్కాం. దారిలో ఒక మిఠాయి కొట్టు దగ్గర బందరు లడ్డు కొందామని ఆటో ఆపబోయాను. శిరీష నా వైపు చూసిన చూపుకి పోనిమ్మన్నాను.

బందరు కోట: బురదే బురుజు

మా వారి మాటే నిజమైంది. కొండ లేదు, గుట్ట లేదు. ఊరు దాటాక చిత్తడి నేల, ఉప్పునీటి గుంటలు, మడ చెట్ల గుబుర్లు, వాటి మధ్య ఇటుక గోడలు కొన్ని, పై కప్పు లేని గదులు కొన్ని, పాత గంటస్తంభం ఒకటి. గోడల్లో మర్రి ఊడలు కాదుగానీ రావి మొక్కలు మాత్రం దూరాయి. ఇటుకల మీద సున్నం పెచ్చులు ఊడిపోయి, ఉప్పుగాలి కొరికేసిన గుంటలు పడ్డాయి. దగ్గర దారి కదా అని రోడ్డు వదిలి బురదలో అడుగు పెట్టాను. కుడి కాలు మోకాలి దాకా దిగింది. కాలు తిరిగొచ్చింది కానీ చెప్పు రాలేదు. శిరీష నన్ను రెండు చేతులా లాగి గట్టు మీద పడేసింది.

ఆ చెప్పు పోయాకే ఈ కోట చరిత్ర నాకు సరిగ్గా అర్థమైంది. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఈ రేవు కోసం కొట్టుకున్నారు. అద్దకం బట్టలు ఇక్కడి నుంచే ఓడలెక్కేవి. కోట ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఇంగ్లీషు సైన్యం వచ్చి ముట్టడించింది. ఒక పక్కన అంతా ఈ బురదే. ఇందులో మనిషన్నవాడు నడవలేడని లోపలివాళ్ల ధీమా. మా గుత్తికి రాయి ఎలాగో బందరు కోటకు బురద అలాగన్నమాట. కానీ సముద్రానికి పోటూ పాటూ ఉంటాయి కదా. నీళ్లు వెనక్కి తీసే పాటు వేళ చూసుకుని కొందరు ఆ బురదలోనే ఈడ్చుకుంటూ వచ్చేశారు. కోట చేతులు మారింది. ఆ తర్వాత వందేళ్లకు సముద్రమే ఉప్పెనై లోపలికొచ్చి వేల మందిని పొట్టన పెట్టుకుంది. సైన్యం వెళ్లిపోయింది. కోట ఇలా మిగిలింది.

గంటస్తంభానికి కొంచెం అవతల, ఇటుకల గుట్ట మీద శిరీష అత్తగారు కూర్చుని ఉన్నారు. పేరు నాగరత్నం. యాభై దాటిన మనిషి, నెత్తిన చేపల బుట్ట మోసీ మోసీ నిటారుగా నిలిచిన మెడ. కోడల్ని చూసి "వచ్చావా" అన్నారు. నన్ను చూసి, నా ఒంటి చెప్పు చూసి, "ఆ రెండోది కూడా పారెయ్యండమ్మా, పడతారు" అన్నారు.

పక్కన కూర్చున్నాను. గాలి హోరు పెరుగుతోంది. కాలువ వెళ్లి సముద్రంలో కలిసే చోటుని వీళ్లు మొగ అంటారు. ఆ మొగ దగ్గర తెల్లటి నురగ గీత ఒకటి లేచి పడుతోంది.

"అదేంటండీ?"

"ఇసక మేట. పాటులో ఉంది సముద్రం. నీళ్లు తీసేశాయి. ఇప్పుడు బోటు లోపలికి రాలేదు. దీపాలు పెట్టే వేళకి పోటొస్తది. అప్పుడు మేట మునుగుద్ది, బోట్లు పైనుంచి వచ్చేస్తయ్యి. మా ఇంటాయన హార్బరు కాడే ఉన్నాడు."

"మరి అప్పటిదాకా?"

"బయట లంగరేసుకుని ఆగుతారు. లేదంటే లోతున్న ఇంకో మొగ చూసుకుంటారు. ఆళ్లకి తెలుసు."

ఇక ఆగలేకపోయాను. "అదేదో ఫోన్ చేసి కనుక్కుంటే ఈ పిల్ల మనసు కుదుటపడుతుంది కదండీ. ఇందులో తప్పేముంది? పాతకాలం నమ్మకాలు పట్టుకుని..."

"నమ్మకవే అనుకోండి" అన్నారు ఆవిడ. నా వైపు చూడలేదు. "గాలి తగ్గనీండి, ఎందుకో చెప్తాను. బోటు మీద మనిషుండగా ఆ మాట ఎత్తను."

శిరీష కళ్లు తుడుచుకుంటూ లేచి గంటస్తంభం వెనక్కి వెళ్లింది. ఏడుపు చాటు చేసుకోవడానికి వెళ్లిందనే అనుకున్నాం.

గంటస్తంభం వెనక

కాసేపటికి తిరిగొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "మాట్లాడారత్తయ్యా! సిగ్నల్ దొరికింది. బాగానే ఉన్నారంట."

నాగరత్నం గారు ఒక్క ఉదుటున లేచారు. "ఏం చెప్పావే?"

"భయంగా ఉంది, తొందరగా వచ్చెయ్యమన్నా."

"ఆడేమన్నాడు?"

"లంగరు తీసేస్తున్నా, అరగంటలో ఇంట్లో ఉంటా, ఏడవకు అన్నారు."

ఆవిడ మొగ వైపు చూశారు. నేనూ చూశాను. నురగ గీత అవతల, చాలా దూరంలో, నల్లటి చుక్క ఒకటి. చూస్తుండగానే అది పెద్దదవుతోంది. పోటు రావడానికి ఇంకా రెండు గంటలు ఉంది.

"చెయ్యి" అన్నారు ఆవిడ. "మళ్లీ చెయ్యి. ఇటియ్యి."

శిరీష మళ్లీ కలిపింది. ఫోన్ రింగవుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఇంజను చప్పుడులో వినపడదు కదా. మళ్లీ. మళ్లీ. నేను కూడా నా ఫోన్‌లో శిరీష ఫోన్ చూసి ఆ నంబరే కొట్టడం మొదలుపెట్టాను. ఇద్దరం ఒకేసారి చేస్తే లైను దొరకదని తట్టడానికి కొంతసేపు పట్టింది. నేను ఆపేశాక అటు మనిషి ఎత్తాడు. శిరీష స్పీకరు పెట్టింది.

"ఒరే రమేషూ! రాకురా!"

"వచ్చేశానమ్మా..."

"నీ పెళ్లానికేం కాలేదు. ఇంట్లో ఎవరికీ ఏం కాలేదు. బోటు తిప్పు. మేట పైకుంది."

గాలి. ఇంజను. తర్వాత అతని గొంతు, చిన్నపిల్లాడిలా: "కోట కనపడతందే అమ్మా."

"కనపడనీ. రావొద్దు. దివిసీమ పక్కకి పో. హంసలదీవి మొగలో దూరు, గాలి నీకు ఎనకే ఉంది. నేను చెప్తన్నా, నా మాట ఇను. ఇంటికి రాకు."

ఏదో జవాబు చెప్పాడు. మాకు వినపడలేదు. లైను తెగింది. ఆ వెంటనే సముద్రం వైపు నుంచి వాన తెరలా వచ్చి మొగను, నురగ గీతను, ఆ నల్లటి చుక్కను కప్పేసింది. బోటు తిరిగిందో లేదో ముగ్గురిలో ఎవరమూ చూడలేదు.

పై కప్పు ఉన్న గది ఒక్కటే మిగిలితే అందులోకి దూరాం. నాగరత్నం గారు గోడకు వీపు ఆనించి అప్పుడు చెప్పారు, ఎత్తనన్న మాట.

"మా మరిది ఇలాగే వచ్చాడు. మా తోడికోడలు ఫోన్ చేసి ఏడ్చింది. పెళ్లాం ఏడుపు చెవిలో పడ్డాక మగోడు పోటని, పాటని చూస్తాడా? మేట మీద బోటు కూలబడింది. ఎనకనించి కెరటాలు. ఒడ్డు మీదున్నోళ్లందరికీ కనపడతన్నాడు, అందడు. మా తోడికోడలింక ఫోన్ చేత్తో పట్టుకోదండి ఇప్పటికీ."

శిరీష కుప్పకూలి అత్తగారి కాళ్లు పట్టుకుంది. "నాకెందుకు చెప్పలేదత్తయ్యా" అని ఏడ్చింది.

"చెప్పలా. తప్పు నాదే" అన్నారు ఆవిడ. "వేటలో మనిషుండగా పోయినోళ్ల కబురు ఎత్తకూడదంటారు. అందుకే మా అత్త నాకు చెప్పలా, నేను నీకు చెప్పలా. మా ఇళ్లల్లో పుట్టిన పిల్లలకి చెప్పక్కర్లా, అయ్యన్నీ చూస్తా పెరుగుతారు. నువ్వు పెడన పిల్లవి. ఆ సంగతి నాకు తట్టలేదు."

ఆ బురద సంగతి తెలిసి కూడా పాటు సంగతి మర్చిపోయిన ఫ్రెంచివాళ్లను తలుచుకుని ఇందాకే నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రాలేదు.

పోటు వేళకు వాన కాస్త తగ్గింది. నాలుగు బోట్లు ఒకదాని వెనక ఒకటి మేట మీదుగా లోపలికొచ్చాయి. శిరీష ఒక్కొక్క బోటు పేరూ పైకి చదివింది. వాటిలో రమేష్ బోటు లేదు. హార్బరుకు వెళ్లి ఎవరినడిగినా ఒకటే మాట, చూశాం, మేట దగ్గరికి రావడం చూశాం, ఆ తర్వాత వాన కమ్మేసింది.

దివిసీమ: రోడ్డు మీద వాన

ఆ రాత్రి లాడ్జిలో ఏం తిన్నానో గుర్తులేదు. ఆ బోటు మేట మీద కూలబడిందా, తిరిగిందా అన్న ఒక్క మాటే బుర్రలో తిరిగింది. తెల్లవారగానే కారు మాట్లాడుకుని గిలకలదిండి వెళ్లాను. రమేష్ ఫోన్ మోగడమే లేదట. దివిలో కరెంటు పోయింది, టవర్లు పనిచేయడం లేదు అన్నారు. "నేను ఎలాగూ దివిసీమ వెళ్లాలనే వచ్చాను, ఎక్కండి" అన్నాను. నాగరత్నం గారు భర్తను హార్బరు దగ్గరే ఉండమని చెప్పి, మొహమాటపడకుండా ఎక్కారు. అది నాకు నచ్చింది.

చల్లపల్లి, మోపిదేవి దాటాం. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ ఎర్రగా, నిండుగా పోతోంది. వేరే రోజైతే ఆగి ఫొటో తీసేదాన్ని. డ్రైవరు పాటలు పెట్టబోతే వద్దన్నాను.

అవనిగడ్డలో టీ తాగడానికి ఆపించాను. పది రూపాయల టీ, చెరకు రసమంత తీపి. కొట్టు పెద్దాయన సంగతి విని తల ఊపాడు.

"రాత్రి మా వాళ్లెవరూ పడుకోలేదండి. ఉప్పెన చూసినోళ్లం గదా. గాలి మోత ఇంటే చాలు, దివోళ్లు చెప్పులేసుకుని కూర్చుంటారు." తర్వాత నాగరత్నం గారి వైపు తిరిగాడు. "మొగలోకొచ్చిన బోట్లవాళ్లని పాలకాయతిప్ప షెల్టర్లో పెట్టారంటమ్మా. ఎన్ని బోట్లో, ఎవరివో నాకు తెలవదు. ఎల్లి చూడండి."

టీ డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. తిరిగొచ్చేటప్పుడు ఇవ్వండి అన్నాడు. ఆ మాట ఆయన ధైర్యం చెప్పడానికే అన్నాడని నాకు తెలుసు.

కోడూరు దాటాక రోడ్డు మీద కొమ్మలు. రెండు చోట్ల డ్రైవరు, శిరీష దిగి లాగి పారేశారు. రొయ్యల చెరువులు నిండి ఏది చెరువో ఏది రోడ్డో తెలియలేదు. శిరీష వాంతి చేసుకుంది. నాగరత్నం గారు ఆమె తల తన ఒళ్లో పెట్టుకుని, ఒక్క మాటైనా అనకుండా వీపు నిమురుతూ కూర్చున్నారు. మా వైపు అత్తాకోడళ్ల మధ్య ఇలాంటి తప్పు ఒక్కటి జరిగితే మూడు తరాలు చెప్పుకుంటారు.

పాలకాయతిప్ప: షెల్టర్ గుమ్మం

తుఫాను షెల్టర్ అంటే స్తంభాల మీద నిలబెట్టిన గట్టి మేడ. కింద మేకలు, సైకిళ్లు, తడిసిన వలలు. మెట్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు పెద్ద గిన్నెలో ఉప్మా కలుపుతున్నారు. "బందరోళ్లా? పైనున్నారు" అంది ఒకామె. ఎందరు అని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

శిరీష మెట్లు పరుగున ఎక్కింది. మేం వెనక వెళ్లేసరికి గుమ్మం దగ్గరే నిలబడిపోయి ఉంది. లోపల సిమెంటు నేల మీద పదిహేను, ఇరవై మంది మగవాళ్లు ఒకరి మీద ఒకరు కాళ్లు వేసుకుని నిద్రపోతున్నారు. గోడ పక్కన ఎవరిదో పసుపు రంగు పట్టా కప్పుకుని, నోరు తెరుచుకుని, గడ్డం మీద ఉప్పు తెల్లగా ఎండిపోయి పడుకున్న కుర్రాణ్ణి శిరీష వేలితో చూపించింది.

"మీరు పిలవండత్తయ్యా" అంది శిరీష చివరికి. "నేను పిలవను. ఇంకెప్పుడూ పిలవను."

నాగరత్నం గారు నోరు తెరిచారు. నా వైపు తిరిగి, వాళ్లకు వినపడకుండా అన్నారు.

"ఇంటికి రాకు అని చెప్పిన నోరండీ ఇది. ఇప్పుడు రారా అనడానికి పెగలట్లేదు."

నిద్రపోయేవాళ్లలో ఒకడు దగ్గాడు. ఆ చప్పుడుకి రమేష్ కళ్లు తెరిచి గుమ్మం వైపు చూశాడు. కలో నిజమో తేల్చుకుంటున్నట్టు కొంతసేపు తల్లిని అలాగే చూస్తూ ఉన్నాడు. లేవలేదు.

"అమ్మా," అన్నాడు, "ఇప్పుడు రావచ్చా?"

అప్పటిదాకా ఒక్క చుక్క కన్నీరు పెట్టని నాగరత్నం గారు ఆ గుమ్మంలోనే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, నిద్రపోతున్నవాళ్లంతా లేచి కూర్చునేలా ఏడ్చారు.